పాము పెట్టెలో చెట్టు కొమ్మ: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల తెలుగువారి ఇళ్లలో పిల్లలు విషం లేని కార్న్ స్నేక్‌నో బాల్ పైథాన్‌నో పెంచుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. (ఇండియాలో ఉన్నవారు ఇది చదివి నాగుపామును తెచ్చుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.) సరీసృపాలకు వైద్యం చేసే నన్ను తరచుగా అడిగే ప్రశ్న: "పాము ఎక్కడానికి పెట్టెలో బయట దొరికిన కొమ్మ పెట్టవచ్చా?" నిక్షేపంగా పెట్టవచ్చు. కొమ్మతో పురుగులు వస్తాయేమోనన్న వారి భయం నాకు అర్థమవుతుంది. ఆ భయంతో వారు చేసే పనులు చూస్తేనే నాకు భయం.

అపోహ: ఘాటైన మందులో నానబెడితేనే కొమ్మ శుభ్రపడుతుంది.

వాస్తవం: కలప ద్రవాన్ని పీల్చుకుంటుంది. పైపైన ఎన్ని నీళ్లు పోసినా లోపలికి దిగింది బయటికి రాదు. పామును వెచ్చగా ఉంచే దీపం వేడికి అది రోజుల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. పాము ఆ కొమ్మ మీదే పొట్ట ఆనించి, మూసిన పెట్టెలో ఆ గాలే పీలుస్తుంది. కార్న్ స్నేక్‌కు పనిచేసే ఊపిరితిత్తి కుడివైపుది ఒక్కటే. ఫినాయిల్ జాతి మందులు సరీసృపాలకు విషం.

ఒక రాత్రి ఒకాయన ఫోన్ చేశారు. "డాక్టర్ గారూ, పాము తల పైకెత్తి వెల్లకిలా తిరిగిపోతోంది." కొమ్మను దేనితో కడిగారని అడిగాను. "నేల తుడిచేదానితోనేనండీ. రాత్రంతా నానబెట్టాం. వాసన కూడా బాగుంది." పురుగులు చావాలంటే అలాగే చేయాలని ఎవరో చెప్పారట. పామును వెంటనే కాగితం పరిచిన డబ్బాలోకి మార్చమన్నాను. తరవాత గోరువెచ్చని నీళ్లతో కడిగి, సెలైన్ ఎక్కించాం. బతికింది. కొడుకు ముందు ఆయన తల దించుకున్నారు. ప్రేమతో చేసినవారిని ఏమనగలను? ఆ సలహా పుట్టించినవారు దొరికితే మాత్రం వదలను.

వేడి చాలండీ. సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు దేశం దాటాలంటే, వేడి పద్ధతికి అంతర్జాతీయ నియమం అడిగేది, కలప నడిమధ్య కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు ఉండాలనే. ఎండిన కొమ్మను వేడినీళ్లతో, గట్టి బ్రష్‌తో రుద్ది, ఊడే బెరడు తీసేయండి. ఆరాక 120 డిగ్రీల సెల్సియస్ (సుమారు 250 ఫారెన్‌హీట్) ఓవెన్‌లో ఓ గంట ఉంచండి. మణికట్టంత లావు కొమ్మకు ఇది సరిపోతుంది. పక్కనే ఉండండి, మాడితే తీసేయండి. ఓవెన్‌లో పట్టకపోతే మరిగే నీళ్లు పోసి, టెక్సస్ ఎండకు వదిలేయండి. బ్లీచ్ జోలికి పోవద్దు. దాన్ని వెనిగర్‌తో కలిపితే వచ్చే క్లోరిన్ వాయువు మీకే ప్రమాదం.

మైట్స్ అనే బుల్లి పురుగులు కొమ్మతో వస్తాయన్నది ఇంకో పుకారు. పాము రక్తం తాగే మైట్స్ వచ్చేది కొత్త పాము నుంచో, ఎవరో వాడిన పెట్టె నుంచో. చెట్టు మీద దొరికే చిన్న పురుగులు వేరు.

ఏ చెట్టు? ఓక్, పెకాన్, మేపుల్, ఆపిల్ మంచివే, మందు చల్లని చెట్టయితే. ఇక్కడ సెడార్ అనే జూనిపర్ వద్దు, దాని నూనెల ఘాటు పడదు. గన్నేరు సంగతి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. నూగు వేర్లతో పాయిజన్ ఐవీ తీగ అల్లుకున్న కొమ్మను ముట్టుకోకండి. తీగ ఎండినా దాని నూనె మీ చేతులను బొబ్బలెక్కిస్తుంది.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: కొమ్మను ఎలా నిలబెట్టాలి? ఊరికే ఆనించిన కొమ్మ జారితే కిందున్న పాము నలుగుతుంది. బయటినుంచి స్క్రూలు బిగించి, పాము బరువుకు రెండింతలు పడేలా చేత్తో నొక్కి చూడండి. పై చివర దీపానికి దగ్గరగా ఉంటే ఇంకో చిక్కు: ఒళ్లు కాలుతున్నా పాము వెంటనే కదలదు. పాము పడుకునే ఎత్తులోనే థర్మామీటర్ పెట్టండి. నేల మీద చూసిన అంకె అక్కడ పనికిరాదు.