కడచీల ఊడిన మోకాలు

చిరంజీవి పాపకు, నీ జట్టు పిల్లలందరికీ అనంతపురం నుంచి తాత ఆశీస్సులు.

కబడ్డీలో ఏసీఎల్, అంటే మోకాలి ఎముకలను కట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంటు, తెగి మీ అన్నకు ఆపరేషనయింది కదా. "దీని పరిశోధన కోసం ఎలుకల మోకాళ్లు పాడుచేస్తారంట, పాపం కాదా తాతా?" అని రాశావు. పాపమే. అయినా ఎందుకు చేస్తారో విను.

మన పాత ఎడ్లబండి తలుచుకో. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన కడచీల ఉంటుంది. చిన్నప్పుడు ఇరుసుకు ఆముదం కందెన పూసే పని నాదే. చొక్కాకు మరక చేసుకొచ్చి జేజి చేత ఎన్ని తిట్లు తిన్నానో! కడచీల వదులైతే చక్రం ఊగుతుంది, ఊగితే ఒక పక్కే అరుగుతుంది. చిట్టెలుకకు మత్తిచ్చి, మోకాలి లోపలి పక్క మెత్తలాంటి మెనిస్కస్‌ను పట్టి ఉంచే సన్న లిగమెంటును కోస్తారు. కడచీల పీకినట్టే. కొన్ని వారాల్లోనే ఎముక కొసనున్న నున్నని పొర, మృదులాస్థి అంటారు, అరగడం కనిపిస్తుంది. మనిషిలో అది చూడాలంటే ఏళ్లకేళ్లు కాచుకోవాలి.

చిట్టెలుక మృదులాస్థి మరీ పలచన, కొన్ని కణాల మందమే. మనిషిది రెండు మూడు మిల్లీమీటర్లు. అందుకే అతుకు వేసే వైద్యాలను గొర్రెల్లో, గుర్రాల్లో చూస్తారు. 1973లో పాండ్, నూకి అనే ఇద్దరు పరిశోధకులు మీ అన్నకు తెగిన లిగమెంటునే కుక్కల్లో కోసి చూశారు.

ఇక్కడ నా బండి మొరాయిస్తుంది. కడచీల మళ్లీ బిగిస్తే బండి బాగుపడుతుంది. మోకాలికి ఆ గ్యారంటీ లేదు. దెబ్బ తగిలాక కీలులోని కణాలే మృదులాస్థిని తినేసే ఎంజైములు వదులుతాయి. లిగమెంటు సరిచేసినా ఆ తినడం ఆగకపోవచ్చు. బండికి ఆ జబ్బు రాదు కాబట్టే ప్రాణమున్నదాంట్లో చూడాల్సి వస్తోంది.

మా మైల ఎద్దు శ్రీరామనవమి బండలాగుడులో జారి వెనక కాలు మడతేసుకుంది. రెండు నెలల్లో మామూలుగా దుక్కి దున్నింది. "నయమైపోయింది" అన్నాడు మా నాయన. మూడేళ్లకు, పొద్దున్నే లేవడానికి ఆ కాలు కిందికి తీసుకోలేక రెండుసార్లు ఊగి, మూడోసారి లేచేది. అరుగుడు మొదలైంది పందెం రోజే. మాకు తెలియలేదు, అంతే.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఇలాంటి ప్రయోగం చేయకూడదు. చేసేవాళ్లు ఆ ఎలుకకు రుణపడి ఉంటారని నేననుకుంటా, మీ అన్న కూడా.

ఆదివారం నాయన వెంట మటన్ కొట్టుకు పో. తొడ ఎముక కొస అడిగి పట్టుకో. దాని మీది మృదులాస్థి నీలి చాయ తెలుపు, తడి గాజులా జారుతుంది. అందులో ఒక్క రక్తనాళమూ లేదు. గోటితో గీరి, గీత పడిందో లేదో నాకు రాయి.

మీ తాత