బటన్ ఒకరి ముందు, పేక మరొకరి చేతిలో

ఆడేవాళ్లే పేక పంచుకునే చిన్న పోకర్ టోర్నమెంట్లలో గొడవ డబ్బు దగ్గర కంటే పంచే దగ్గరే ఎక్కువ వస్తుంది. మొదటి ముక్కే తిరగబడి అందరికీ కనిపించింది, ఆట రద్దా కాదా? పంచే మనిషి తన ముక్కలు చూసుకుంటూ ఎవరి వంతో మర్చిపోయాడు. ముగ్గురు ఆల్ ఇన్ అన్నారు, అంటే దగ్గరున్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ పెట్టేశారు, తక్కువ పెట్టినవాడికి వాటా లేని సైడ్ పాట్ ఎవరు లెక్కేస్తారు? ఇలాంటి టేబుళ్ల దగ్గర ఆడాను, పంచాను, ఒకే ఆటలో రెండూ చేశాను కూడా. అందుకే "డీలర్‌కి జీతం ఇచ్చుకోలేని చోట ఇంతేలే" అని ఎవరైనా తీసిపారేస్తే నాకు నచ్చదు. ఆడేవాళ్లే పంచుకోవడం పోకర్ పుట్టినప్పటి నుంచీ ఉంది, జీతం తీసుకునే డీలరే తర్వాత వచ్చాడు.

19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లోనూ, మిసిసిపీ నది మీద తిరిగే ఆవిరి పడవల్లోనూ ఈ ఆట పాకినప్పుడు పేకలో 20 ముక్కలే ఉండేవి. నలుగురికి తలా ఐదు పంచితే పేక ఖాళీ. తర్వాత 52 ముక్కల పేక వచ్చింది, ఆడేవాళ్ల సంఖ్య పెరిగింది, పంచే వంతు మాత్రం ఒకరి తర్వాత ఒకరికి తిరుగుతూనే ఉంది. పేక ఎవరి చేతిలో ఉంటే మోసం చేసే వీలు వాళ్లకే, అడుగు ముక్క లాగి పంచేవాళ్లు ఆ పడవల్లో కొల్లలు. వృత్తి జూదగాళ్ల మీద జనానికి ఎంత కసి ఉండేదంటే 1835లో ఆ నది ఒడ్డునే ఉన్న విక్స్‌బర్గ్‌లో ఒక గుంపు ఐదుగురిని ఉరి తీసింది. కలిపినవాడు కాక ఇంకొకరు పేక కట్ చేయడం, ఫ్లాప్‌కి (టేబుల్ మధ్య అందరికీ కలిపి మొదట తిప్పే మూడు ముక్కలకి) ముందు పై ముక్క పక్కన పడేయడం లాంటి పద్ధతులన్నీ ఇలాంటి అనుమానంతో వచ్చినవే. పై ముక్కకి గుర్తు ఉందేమో, ఎవరి కంటైనా పడిందేమో, అందుకని దాన్ని ఆటలోకే రానివ్వరు.

ఈసారి పంచే వంతు ఎవరిదో గుర్తుండటానికి వాళ్ల ముందు ఏదో ఒక వస్తువు పెట్టేవారు. దాన్ని బక్ అనేవారు. ఇంగ్లీషులో బక్ అంటే మగ జింక, జింక కొమ్ము పిడి ఉన్న కత్తి పెట్టడం వల్ల ఆ పేరొచ్చిందని చెబుతారు. అమెరికా అధ్యక్షుడిగా ట్రూమన్ తన బల్ల మీద పెట్టుకున్న "బక్ ఇక్కడితో ఆగుతుంది" అనే పలకలో ఉన్నది ఈ బక్కే. అప్పట్లో బక్ ఎవరి ముందుంటే పేక కూడా వాళ్ల చేతిలోనే ఉండేది.

క్యాసినోల్లో సంస్థ తరఫున డీలర్ ఒకే చోట కూర్చుని పంచడం మొదలయ్యాక ఆ రెండూ విడిపోయాయి. పంచే మనిషి కదలడు, కానీ ఎవరు ముందు ఆడాలి, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందేలు) ఎవరు పెట్టాలి అన్నది పంచే వంతును బట్టే తేలాలి కదా. అందుకని తెల్ల బిళ్ల ఒకటి టేబుల్ చుట్టూ తిరుగుతుంది, దాని మీద డీలర్ అని రాసి ఉంటుంది, దాన్నే బటన్ అంటారు. అది ఎవరి ముందుందో వాళ్లు నిజానికి ఒక్క ముక్క కూడా పంచరు! కొత్తగా వచ్చినవాళ్లు దీని దగ్గర తికమక పడితే నాకు నవ్వు రాదు, వాళ్లు అడిగేది సబబే.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఆడే పోకర్ రకం టెక్సస్ హోల్డెమ్‌కి పుట్టిల్లు రాబ్‌స్టౌన్ అనే ఊరని టెక్సస్ శాసనసభ గుర్తించింది. 1960లలో అది లాస్ వేగాస్ చేరింది. 1970లో అక్కడి బినియన్స్ హార్స్‌షూ క్యాసినోలో మొదటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరిగితే విజేత జానీ మాస్‌ను తోటి ఆటగాళ్లు ఓట్లేసి తేల్చారు. ఓట్లతో పోకరేంటి అనిపిస్తుంది. మరుసటి ఏడాది నుంచి చిప్స్ అయిపోతే ఇంటికే అనే ఫ్రీజవుట్ పద్ధతి పెట్టారు. 1983లో టామ్ మెక్‌ఎవాయ్ శాటిలైట్ అనే చిన్న అర్హత పోటీలో సీటు గెలుచుకుని, అక్కడి నుంచి వరల్డ్ సిరీస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన మెయిన్ ఈవెంట్ కొట్టేశాడు. కొంచెం డబ్బుతో పెద్ద టేబుల్ దాకా వెళ్లొచ్చన్న ఆశ అప్పుడు పుట్టింది.

2003లో క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ శాటిలైట్ నుంచి వచ్చి గెలిచాక ఆ ఆశకు పట్టపగ్గాల్లేవు. ఆ ఏడాది మెయిన్ ఈవెంట్‌లో 839 మంది, 2006 కల్లా 8,773 మంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అలా వచ్చినవాళ్లలో చాలామంది ఆట నేర్చుకున్నది తెర మీద. అక్కడ కలిపేదీ పంచేదీ సాఫ్ట్‌వేరే, సైడ్ పాట్ అదే విడదీస్తుంది, వంతు కానివాడిని ఆడనివ్వదు. పాట్ ఆడ్స్ (పెట్టాల్సిన పందేనికి గెలిచే సొమ్ము ఎంతన్న లెక్క) నోటికి చెప్పగలిగిన మనిషి పేక చేతికిస్తే గాల్లోకి చల్లడం నా కళ్లతో చూశాను. పేక బాగా కలవాలంటే దాన్ని రెండు సగాలు చేసి అల్లే రకం కలుపుడు ఏడుసార్లు కావాలని గణిత శాస్త్రవేత్తలు బేయర్, డయాకోనిస్ 1992లో లెక్క కట్టి చూపించారు. మన టేబుల్ దగ్గర రెండు కలిపి "చాల్లే, పంచు" అంటారు.

దీనికి తోడు గడియారం. టోర్నమెంట్‌లో బ్లైండ్స్ పెరిగేది నిమిషాలను బట్టి, ఆడిన ఆటల సంఖ్యను బట్టి కాదు. లెవెల్, అంటే బ్లైండ్స్ పెరగకుండా ఉండే సమయం, 15 నిమిషాలనుకుంటే ఒక్కో ఆటకు రెండు నిమిషాలు పట్టే టేబుల్‌కి ఏడు ఆటలు వస్తాయి, మూడు పడితే ఐదే. తొమ్మిది మంది కూర్చున్న చోట బటన్ చుట్టూ తిరిగి రాకముందే బ్లైండ్స్ పెరిగిపోతాయి. చేయి తిరిగిన డీలర్ ఉన్నాడనుకుని వేసిన లెక్కను మనం సొంతంగా పంచుకునే టేబుల్ మీద రుద్దుతున్నాం, పైగా ఆ నష్టం అన్ని టేబుళ్లకీ ఒకేలా పడదు.

ఊరికో రూలుగా ఉన్నవాటిని ఒక దారికి తేవడానికి 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ మొదలైంది. వాళ్ల రూల్ ప్రకారం పంచేవాడి పొరపాటున పేకలోంచి మొట్టమొదట పంచిన రెండు ముక్కల్లో ఏది బయటపడినా మిస్‌డీల్, మళ్లీ పంచాలి. కానీ తగినంత ఆట జరిగిపోయాక, అంటే వంతు ప్రకారం ఇద్దరు ఆడి వాళ్లలో కనీసం ఒకరు చిప్స్ పెట్టాక గానీ, చిప్స్ పెట్టినా పెట్టకపోయినా వంతు ప్రకారం ముగ్గురు ఆడేశాక గానీ, మిస్‌డీల్ అనడానికి లేదు. సగం గొడవలు ఈ ఒక్క వాక్యం ముందే చదివి వినిపిస్తే ఆగిపోతాయి. తర్వాత వచ్చిన బిగ్ బ్లైండ్ యాంటీ కూడా మనలాంటి టేబుళ్లకి వరమే, యాంటీ అంటే ప్రతి ఆటకీ అందరూ పెట్టాల్సిన చిన్న పందెం, దాన్ని తొమ్మిది మంది దగ్గర చిల్లర చిప్స్‌గా ఏరే పని లేకుండా, బ్లైండ్స్‌లో పెద్దది పెట్టే ఒక్కరే అందరి తరఫున పెడతారు.

పంచుతున్నవాడే ఆల్ ఇన్ అయితే? నేనైతే పేకను అప్పటికే ఫోల్డ్ చేసి ఆట వదిలేసినవాళ్ల చేతికి ఇచ్చేస్తాను. రివర్‌లో, అంటే చివరి ముక్క దగ్గర, నాకు కావాల్సిన ముక్క నా చేత్తోనే తిప్పి, ఆ తర్వాత ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూడటం నావల్ల కాదు.