తోబుట్టువుల వరసలో ఖాళీలు: ఓడెక్కి వెళ్లిపోయిన ఒక ఇంగ్లీషు కుటుంబం పిల్లల్ని వెతకడం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఇంగ్లండు నుంచి సముద్రం దాటి వెళ్లిపోయిన కుటుంబంలో ఎంతమంది పిల్లలు పుట్టారో, ఒక్కొక్కరూ ఏమయ్యారో పాత కాగితాల్లోంచి ఎలా తేల్చుకోవాలో ఈ ఉత్తరంలో చెబుతాను. వంశవృక్షం అనగానే అందరూ పైకే చూస్తారు: తాత, ముత్తాత, ఆయన నాన్న. పక్కకి చూసేవాళ్లు తక్కువ. పసితనంలోనే పోయిన బిడ్డకి వారసులు ఉండరు కాబట్టి వెతికేవాళ్లూ ఉండరు. అయినా ఆ బిడ్డ పేరు ఎక్కడో ఒక రిజిస్టరులో సిరాతో రాసే ఉంటుంది. దాన్ని పట్టుకుని, ఆ తల్లి కన్న బిడ్డల వరసలో దాని చోట దాన్ని కూర్చోబెట్టాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం అదే.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి వడ్రంగి. 1848లో ఇంగ్లండులో పెళ్లయింది. 1853లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కి ఓడెక్కారు. 1851లో మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా కాలనీలో బంగారం బయటపడ్డాక అలా వెళ్లినవాళ్లు చాలామంది. 77 వేలున్న ఆ కాలనీ జనాభా పదేళ్లలో సుమారు 5 లక్షల 40 వేలకి చేరింది. తల్లి 1889 జులైలో అక్కడే చనిపోయింది.

మొదలుపెట్టాల్సింది ఈ చివరి కాగితం దగ్గరే. విక్టోరియాలో ప్రభుత్వ రిజిస్ట్రేషను 1853 జులై 1న మొదలైంది. అక్కడి మరణ ధ్రువపత్రం ఇంగ్లండు దానికంటే ఎంతో నిండుగా ఉంటుంది. పోయినవారి తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, కాలనీకి వచ్చి ఎన్నేళ్లయింది, పెళ్లి ఎక్కడ, ఎన్నో ఏట జరిగింది, ఇవన్నీ రాస్తారు. చివరికి పిల్లల పేర్లూ వయసులూ పుట్టిన వరసలో ఉంటాయి, పోయినవాళ్లతో సహా. మన తల్లి కాగితంలో ఇలా ఉందనుకోండి: విలియం 40, మేరీ లేదు, జాన్ 34, ఎలిజా 31, హెన్రీ లేడు, థామస్ 24.

ఇప్పుడు పెన్సిలు తీసుకుని తీసివేతలు చెయ్యండి. 1889లోంచి 40 తీసేస్తే 1849 అని ఒక్క సంవత్సరమే రాసుకుంటే తప్పు. 1889 జులైలో 40 నిండి ఉన్నాయంటే విలియం 1848 జులైకీ 1849 జులైకీ మధ్య ఎప్పుడైనా పుట్టి ఉండొచ్చు. అలా ప్రతి బిడ్డకీ రెండు సంవత్సరాలు వేసుకోవాలి. జాన్ 1854–55, ఎలిజా 1857–58, థామస్ 1864–65. ఆ రోజుల్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య రెండు, రెండున్నరేళ్లు సాధారణం. అందుకని మూడేళ్లు దాటిన ప్రతి ఖాళీ దగ్గరా ఆగండి. విలియంకీ జాన్‌కీ మధ్య ఆరేళ్లున్నాయి. అక్కడ మేరీ ఉంది, ఓడ ప్రయాణమూ ఉంది, కాబట్టి కుదురుతుంది. ఎలిజాకీ థామస్‌కీ మధ్య ఏడేళ్లు. అక్కడ ఒక్క హెన్రీని పెట్టినా ఇంకా చోటు మిగులుతోంది.

ఇక్కడే రెండో కాగితం కావాలి, థామస్ పుట్టిన రోజుల్లో రాసిన జనన ధ్రువపత్రం. విక్టోరియా జనన పత్రంలో అంతకుముందు పుట్టిన బిడ్డల్ని, బతికున్నవాళ్లనీ పోయినవాళ్లనీ కూడా, చూపించే గడి ఉంటుంది. అందులో విలియం, మేరీ, జాన్, ఎలిజా, హెన్రీల తరవాత ‘మగబిడ్డ, మరణం’ అని ఇంకొకటి ఉందనుకోండి. లెక్క ఆరు నుంచి ఏడుకి పెరిగింది! తల్లి పోయినప్పుడు ఆ వివరాలు చెప్పింది ఏ కొడుకో అల్లుడో అయి ఉంటాడు. పాతికేళ్ల కిందట కొన్నాళ్లే బతికిన తమ్ముడి సంగతి అతనికి తెలియకపోవచ్చు. థామస్ పుట్టినప్పుడు చెప్పింది మాత్రం తల్లో తండ్రో. సంఘటనకి దగ్గరగా, కన్నవాళ్ల నోటినుంచి వచ్చిన మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. అందుకే ఒకే ఒక్క ధ్రువపత్రం కొనే స్తోమత ఉంటే, తల్లి మరణ పత్రం కంటే ఆఖరి బిడ్డ జనన పత్రం కొనమంటాను.

ఇంగ్లండు వైపుకి వద్దాం. అక్కడ జననాలు, మరణాలు, పెళ్లిళ్ల నమోదు 1837 జులై 1న మొదలైంది. ఆ నమోదుల పేర్ల సూచికలు మూడు నెలలకొకటి: మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు. బిడ్డ పుట్టాక 42 రోజుల్లోపు నమోదు చేయించాలి, సూచికలో చేరేది నమోదైన తేదీని బట్టి. మార్చి నెలాఖరులో పుట్టిన బిడ్డ జూన్ సూచికలో కనిపించేది అందుకే. గడువు దాటిందని తెలిసి, ఇబ్బంది తప్పించుకోడానికి బిడ్డ అసలు తేదీకంటే కొన్నాళ్లు ఆలస్యంగా పుట్టినట్టు చెప్పిన తల్లిదండ్రులూ ఉన్నారు. బాప్తిస్మం రిజిస్టరులోని తేదీ ఈ జనన తేదీకంటే ముందుందంటే కారణం బహుశా ఇదే. 1875కి ముందు తల్లిదండ్రులు తామంతట తాము వెళ్లి నమోదు చేయించాలన్న బాధ్యత గట్టిగా లేదు, కాబట్టి కొందరు బిడ్డలు ఈ సూచికల్లో అసలు ఉండరు. వాళ్లని చర్చి పుస్తకాల్లో చూడాలి. 1813 నుంచి బాప్తిస్మం పుస్తకాల్లో అచ్చు గడులు ఉన్నాయి: బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, తండ్రి వృత్తి. తల్లి పుట్టింటి పేరు మాత్రం ఉండదు.

ఆ పుట్టింటి పేరే మన తాళంచెవి. మన దగ్గర చాలామంది ఆడవాళ్లకి పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టే అక్కడా మారుతుంది. కానీ జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు రాసేవారు. పాత సూచికల్లో అది 1911 సెప్టెంబరు నుంచే కనిపిస్తుంది. ఈ నమోదులు చూసే ప్రభుత్వ కార్యాలయం, జనరల్ రిజిస్టర్ ఆఫీసు, తరవాత కొత్తగా తయారుచేసి ఆన్‌లైన్లో పెట్టిన సూచికలో 1837 నుంచీ ఉంది. వెతికేటప్పుడు తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు ఇచ్చి, బిడ్డ పేరు గడి ఖాళీగా వదిలెయ్యండి. సంవత్సరానికి అటూ ఇటూ రెండేళ్లే ఒప్పుకుంటుంది, మగా ఆడా విడివిడిగా అడగాలి. మన కుటుంబానికి 1850 అని ఇస్తే 1848 నుంచి 1852 దాకా వస్తుంది. మగకొకసారి, ఆడకొకసారి, తరవాత 1855 ఇచ్చి మళ్లీ రెండుసార్లు. నాలుగు వెతుకులాటల్లో ఇంగ్లండు భాగం అయిపోతుంది. పెళ్లికి ముందే పుట్టిన బిడ్డ ఉంటే తల్లి ఇంటిపేరు మీదే నమోదై, పుట్టింటి పేరు గడిలో ఒక చిన్న గీత ఉంటుంది. దాన్నీ చూడకుండా వదలొద్దు, ఆ బిడ్డా ఆ తల్లి బిడ్డే.

మేరీ 1850 చివర్లో పుట్టినట్టు దొరికిందనుకుందాం. 1851 జనాభా లెక్క మార్చి 30 రాత్రి ఇంట్లో ఎవరున్నారో రాసింది. మేరీ అక్కడ నెలల పిల్లగా కనిపించాలి. ఆ లెక్కలో ఇంటి పెద్దకి ఏమవుతారో, ఏ ఊళ్లో పుట్టారో కూడా రాస్తారు. అంతకుముందు 1841 లెక్కలో బంధుత్వం ఉండదు, పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని సాధారణంగా ఐదేళ్ల మెట్టుకి కిందికి దింపి రాసేవారు. 29 ఏళ్లవాడు 25 అయిపోతాడు.

తరవాత మేరీ ఏమైంది? మూడు దారులున్నాయి, మూడూ చూడాలి.

మొదటిది, ఓడెక్కకముందే పోవడం. మరణ సూచికలో వయసు దగ్గర జాగ్రత్త. కొత్త సూచిక రాసినప్పుడు కొన్ని చోట్ల నెలల్నీ వారాల్నీ సంవత్సరాలుగా ఎక్కించారు, నాలుగు నెలల పసిబిడ్డ నాలుగేళ్లదిగా కనిపించొచ్చు. ఖాయం చేసుకోవాలంటే ధ్రువపత్రమే తెప్పించాలి. పసివాళ్లకి వృత్తి ఉండదు కాబట్టి ఆ గడిలో ‘ఫలానా వడ్రంగి కూతురు’ అని తండ్రి పేరుతో రాస్తారు. ఒకే పేరున్న ఇద్దరు మేరీలని విడదీసేది ఆ ఒక్క వాక్యమే. చర్చి ఖనన పుస్తకంలో పేరు, నివాసం, వయసు తప్ప తల్లిదండ్రుల పేర్లు రాసే గడి లేదు.

రెండోది, ఓడ మీద పోవడం. ఆ ప్రయాణం మూడు నెలల పైచిలుకు. తట్టు, కోరింత దగ్గు ఒకసారి కింది అంతస్తులోకి చేరితే పసివాళ్లని వరసగా తీసుకుపోయేవి. 1852లో టైకాండరోగా అనే ఓడ టైఫస్ జ్వరం అంటుకుని మెల్‌బోర్న్ చేరేలోపు సుమారు వందమందిని సముద్రంలో వదిలింది. 1890కి ముందు ఇంగ్లండు వదిలి వెళ్లినవాళ్ల జాబితాలు క్రమంగా దాచలేదు, చేరిన రేవులోనే వెతకాలి. సొంత డబ్బుతో విక్టోరియాకి వచ్చినవాళ్ల జాబితాలు 1852 నుంచి ఉన్నాయి. ప్రభుత్వ సాయంతో వచ్చినవాళ్లవి అంతకంటే ముందునుంచే ఉన్నాయి, వాటిలో వివరాలు ఎక్కువ. ఓడ ప్రయాణికుల మీద వచ్చిన 1855 చట్టం లెక్కలో ఏడాది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు ఇద్దరు కలిస్తే వయసొచ్చిన ఒక్కరితో సమానం, ఏడాది లోపు బిడ్డ లెక్కలోకే రాదు. ఛార్జీ తగ్గుతుందని పిల్లల వయసు తగ్గించి చెప్పేవారు. చంటిబిడ్డని పేరు లేకుండా ‘శిశువు’ అని రాసేవారు. జాబితాలో పేరు లేదని బిడ్డ లేదనుకోకండి. సముద్రం మీద పుట్టిన బిడ్డకి ఓడ పేరో కెప్టెన్ పేరో పెట్టడం మామూలు, ఆడపిల్లకి అలాంటి వింత మధ్యపేరు కనిపిస్తే ఆ పేరుతో ఓడ ఉందేమో చూడండి.

మూడోది, వెనక ఉండిపోవడం. ఇది చాలామందికి తట్టదు. చిన్నపిల్లలు ఎక్కువున్న కుటుంబాలకి సాయం ఇవ్వడానికి అధికారులు వెనకాడేవారు. అందుకని ఒక బిడ్డని అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో వదిలి వెళ్లినవాళ్లున్నారు. అలాంటి బిడ్డ 1861 లెక్కలో ‘మనవరాలు’ అని కనిపిస్తుంది. తల్లి మరణ పత్రంలో ఆస్ట్రేలియా వాళ్లు ఆ పేరే చెప్పకపోవచ్చు. తాతగారి వీలునామా ఉంటే అదీ చదవండి, ఇంగ్లండులో 1858 జనవరి నుంచి దేశం మొత్తానికి ఒకే వీలునామాల జాబితా ఉంది.

ఇంకో దేశానికి వెళ్లిన కుటుంబమైతే దారి మారుతుంది. అమెరికా జనాభా లెక్కల్లో 1900, 1910లలో తల్లిని నేరుగా అడిగారు: ఎంతమందిని కన్నావు, ఎంతమంది ఉన్నారు? 1890 లెక్కలు మాత్రం అగ్నిప్రమాదంలో దాదాపుగా పోయాయి. ఇంగ్లండులో 1911 లెక్కలో ఇదే ప్రశ్న ఉంది. చచ్చిపుట్టిన బిడ్డలు అందులో రారు, అక్కడ వాళ్లని నమోదు చెయ్యడం 1927లో మొదలైంది. ఆస్ట్రేలియాలో ఇంటింటి లెక్కల కాగితాలు చాలావరకు దాచలేదు కాబట్టే ధ్రువపత్రాల మీద ఇంతగా ఆధారపడుతున్నాం. కెనడాకి 1869 తరవాత లక్షమందికి పైగా పిల్లలు అమ్మానాన్నలు లేకుండా, ధర్మసంస్థల వెంట వెళ్లారు. ఓడ జాబితాలో తల్లిదండ్రులు లేని బిడ్డ కనిపిస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి.

మన నేలకి వచ్చిన ఇంగ్లీషువాళ్ల పిల్లల్నీ ఇలాగే వెతుకుతారు. మచిలీపట్నంలో వాళ్ల వర్తక స్థావరం 1611లో మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో రాసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కి పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు నుంచి 1860 తరవాత దక్షిణాఫ్రికాలోని నాతాల్‌కి కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, జిల్లా, ఊరు కూడా ఉన్నాయి. మీలో ఎవరైనా ఆ పని ఎత్తుకుంటే నాకు చాలా సంతోషం.

ఇక పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, పేర్ల దగ్గర. పోయిన బిడ్డ పేరే తరవాతి బిడ్డకి పెట్టడం అప్పట్లో మామూలు. వేరే కుటుంబంలో 1849 విలియం, 1852 విలియం అని కనిపిస్తే ఇద్దరూ నిజమే కావచ్చు. అలాంటప్పుడు మధ్యలో ఒక మరణం కోసం వెతకాలి. మేరీని పాలీ అనీ, హెన్రీని హ్యారీ అనీ, మార్గరెట్‌ని పెగ్గీ అనీ పిలిచేవారు. ఇంటిపేర్లని గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు, మాట మొదట వచ్చే ‘హ’ని పలకని ఊళ్లలో హార్పర్‌ని ఆర్పర్ చేసేశారు. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఒక్కో సర్టిఫికెట్‌లో ఒక్కోలా ఉండటం మీకు తెలుసుగా, అదే బాధ. ఇంకొకరు ఆన్‌లైన్లో పెట్టిన వంశవృక్షాన్ని ఎత్తిరాసుకునే ముందు మూడు సంగతులు సరిచూడండి. తల్లికి యాభై దాటాక పుట్టిన బిడ్డ ఉందా? ఒకే ఏడు రెండు ఖండాల్లో పుట్టిన బిడ్డలున్నారా? కవలలు కాకుండా ఆర్నెల్ల తేడాలో ఇద్దరున్నారా? ఏది కనిపించినా రెండు కుటుంబాలు కలిసిపోయి ఉండొచ్చు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం ఎక్కడా పెట్టకండి.

ఒక పెద్ద కాగితం మీద నిలువుగా సంవత్సరాలు 1848 నుంచి 1870 దాకా వెయ్యండి. పక్కన బిడ్డ పేరు, ఊరు, ఆధారం, అనుమానం అని నాలుగు గడులు గియ్యండి. ఆధారం ఉన్నది సిరాతో, లేనిది పెన్సిలుతో రాయండి. హెన్రీ 1860 ప్రాంతంలో పుట్టాడనుకుంటే, 1861కీ 1864కీ మధ్య ఆ మగబిడ్డ కోసం విక్టోరియా జనన, మరణ సూచికలు రెండూ చూడండి. పేరు గడిలో ‘పేరు పెట్టలేదు’ అనే అర్థం వచ్చే మాటే ఉండొచ్చు. అది దొరక్కపోతే, ‘మగబిడ్డ, హెన్రీ తరవాత, థామస్ ముందు’ అని పెన్సిలుతో రాసి, పేరు గడి ఖాళీగా వదలండి. మీరు పేరు పెట్టకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య