చెరువు పూడిక, కట్ట మీది మనిషి: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో చిన్ననీటి వనరుల పనులు చూసే ఇంజనీరుగా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం చెరువు కట్టల మీదే గడిచింది. ఏటా మే నెలలో ఏ ఊరికి వెళ్లినా వినిపించే మాట ఒకటే: పూడిక తీయించండి, ఊరు మునగకుండా ఉంటుంది. అదే ఊరి నుంచి ఆగస్టులోనో సెప్టెంబరులోనో అర్ధరాత్రి వచ్చే ఫోన్‌లో వినిపించే మాట మరొకటి: కట్ట మీద మీ మనిషి ఒక్కరు కూడా లేరు. ఈ రెండూ వేర్వేరు ఫిర్యాదులని ఊరివాళ్లు అనుకుంటారు, మా శాఖలో చాలామంది కూడా అలాగే అనుకుంటారు. పూడికకు ఒక పద్దు, సిబ్బందికి మరో పద్దు ఉండడం వల్ల కాగితం మీద అవి ఎప్పుడూ కలవవు. పూడిక ఎక్కడ చేరిందో, అందులో ఏది ప్రమాదకరమో తెలిసేది ఏడాది పొడవునా ఆ కట్ట మీద తిరిగే మనిషికే కాబట్టి, చెరువు దగ్గర మాత్రం ఈ రెండూ ఒకే పని. ఈ విషయంలో నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చెరువులో పూడిక తీస్తే ఊరికి వరద ముప్పు తప్పుతుంది.

వాస్తవం: పూడిక తీస్తే నిల్వ పెరుగుతుంది, ఆయకట్టుకు ఒక తడి ఎక్కువ అందుతుంది, భూగర్భజలం మెరుగుపడుతుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 46,531 చెరువులను లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆశించిన ప్రధాన ప్రయోజనం ఇదే, ఆ మేరకు దాని విలువ గొప్పది. వరద లెక్క మాత్రం వేరు. పది చదరపు కిలోమీటర్ల పరివాహకం ఉన్న ఒక చెరువును తీసుకుందాం. ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం మాత్రమే చెరువుకు చేరినా, వచ్చిన నీరు అయిదు లక్షల ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల మట్టి పడుతుందనుకుంటే, ఆ ఒక్క రాత్రి నీటికి చోటు చేయడానికి దాదాపు లక్షా అరవై ఏడు వేల ట్రాలీల మట్టి తీయాలి. ఒక వేసవిలో మనం తీయించేది ఇందులో చిన్న భాగం మాత్రమే. పైగా తీసిన గుంత మొదటి రెండు వానలకే నిండిపోతుంది. పెద్ద వాన సాధారణంగా చెరువు నిండిన తరువాతే వస్తుంది, అప్పటికి ఆ గుంతలో ఖాళీ ఉండదు.

అయితే పూడికకూ వరదకూ సంబంధమే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రమాదం తెచ్చే పూడిక చెరువు నడిమధ్యలో కాకుండా నాలుగు చోట్ల ఉంటుంది: చెరువుకు నీరు తెచ్చే కాలువ మూతి దగ్గర, నిండిన చెరువులో ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు ముందు భాగంలో, అలుగు దాటిన నీరు పోయే కాలువలో, ఆ కాలువ రోడ్డును దాటే కల్వర్టు గొట్టాల్లో. వాగు నీటి వేగం చెరువులోకి రాగానే తగ్గిపోతుంది, ముందుగా బరువైన ఇసుక, గరుసు అక్కడికక్కడే దిగిపోతాయి, సన్నని ఒండ్రు మాత్రం కట్ట దాకా కొట్టుకువచ్చి మెల్లగా అడుగున చేరుతుంది. అందువల్ల కాలువ మూతి మీద మేట వేసి, వాగు తన దారి మార్చుకుని పక్క చేలల్లోకి మళ్లుతుంది. అలుగు కాలువ సంగతి ఇంకా కష్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండి ఉంటుంది కాబట్టి, మొదట అందులో సర్కారు తుమ్మ మొలుస్తుంది, తుమ్మ మొదళ్ల దగ్గర మట్టి నిలుస్తుంది, నిలిచిన మట్టిని చూసి పక్క రైతు ఒక సాలు ముందుకు జరుపుతాడు.

ఈ విషయం నేను నష్టం చేశాక నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఊరి చెరువుకు నేనే ఎస్టిమేట్ తయారుచేశాను. ట్రాక్టర్లు సులువుగా దిగే చోటు నుంచి, అంటే చెరువు నడుమ నుంచి మట్టి తీయించాను. రైతులు సంతోషంగా తోలుకుపోయారు, కొలతలు సరిగ్గా వచ్చాయి, బిల్లు అయింది. అలుగు దిగువ నాలుగు వందల మీటర్ల కాలువ తుమ్మతో, మట్టితో పూడి ఉందని చూసి కూడా, ఆ పని వేరే పద్దు కిందికి వస్తుందని వదిలేశాను. ఆ సెప్టెంబరులో చెరువు నిండి అలుగు పోసినప్పుడు కాలువ ఆ నీటిని మోయలేక వెనక్కి ఎగదన్ని, దిగువ కాలనీలో పదకొండు ఇళ్లలోకి వచ్చింది. ప్రాణాలు పోలేదు. ఒక ఇంట్లో మోకాటి లోతు నీటిలో గింజల బస్తాలు మంచాల మీదికి ఎక్కించుకుంటున్న తల్లి, "చెరువు బాగుచేసినమని చెప్పిండ్రు గద సారూ" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అపోహ: ఎంత లోతుగా తీస్తే అంత మంచిది.

వాస్తవం: కట్ట అడుగుకు దగ్గరగా చేరిన సన్నని ఒండ్రు చెరువుకు సహజంగా అమరిన పూత లాంటిది, నీటిని కిందికి ఇంకిపోకుండా ఆపేది అదే. జేసీబీ దొరికింది కదా అని ఆ పొరను చీల్చి మొరం తగిలేదాకా తవ్వితే, నీరు మొరంలోంచి కట్ట కిందుగా దారి చేసుకుంటుంది. ఆ తరువాత కట్ట దిగువన ఊట మొదలవుతుంది, చెరువు సంక్రాంతికి ముందే ఎండిపోతుంది. పొలాలకు నీరు వదిలే తూము గుమ్మం కంటే దిగువన తవ్విన లోతులో నిలిచే నీరు ఆయకట్టుకు పారదు, వరదకూ చోటు ఇవ్వదు. చేపలకూ పశువులకూ పనికొస్తుంది, ఆ అవసరం ఉంటే తవ్వవచ్చు. ఏ అవసరానికి తవ్వుతున్నామో ముందే తెలిసి ఉండాలి, కట్టకు తగినంత దూరం విడిచే తవ్వాలి.

తీయబోయే ముందు రెండు మూడు చోట్ల మనిషి లోతు గుంత తీయించి గోడను చూడడం నాకు అలవాటు. నల్లని జిగట ఒండ్రు పొర, దాని మీద వేలెడు మందం ఇసుక పొర, మళ్లీ నల్లని పొర, ఇలా చెరువు తన చరిత్రను వరుసగా పేర్చి ఉంచుతుంది. ఇసుక పొర కనిపించిన చోట పెద్ద వాగు వచ్చిన ఏడాది ఉన్నట్టు. అక్కడ నిలబడి ఊరి పెద్దలను అడిగితే, ఏ ఏడాది వరదో వాళ్లే చెబుతారు. ఎర్ర చల్క భూములకు కావలసింది ఆ నల్లని ఒండ్రు, చేలో వేస్తే తేమ నిలుస్తుంది. ఇసుక పొర కలిసిన మట్టిని తోలుకుపోయిన రైతు మరుసటి ఏడాది మా మీద కోపగించుకోవడం న్యాయమే.

అపోహ: అలుగు మీద నాలుగు బస్తాలు పేర్చి నీటిని కొంచెం ఎక్కువ నిలిపితే తప్పేమీ లేదు.

వాస్తవం: ఆయకట్టు చివరి రైతు కష్టం నాకు తెలుసు, బస్తాలు పేర్చేది దురుద్దేశంతో కాదనీ తెలుసు. ఇరవై మీటర్ల పొడవున్న అలుగు మీద ఒక మీటరు ఎత్తున నీరు పారితే సెకనుకు సుమారు 34 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. కట్ట భరించగల గరిష్ఠ మట్టం మారదు కాబట్టి, అలుగును ముప్పై సెంటీమీటర్లు పెంచితే దాని మీద పారే ఎత్తు డెబ్బై సెంటీమీటర్లకు తగ్గుతుంది. అప్పుడు పోయే నీరు సెకనుకు సుమారు 20 ఘనపు మీటర్లే. ఎత్తు మూడో వంతు కూడా తగ్గలేదు, నీరు పోయే శక్తి మాత్రం నలభై శాతానికి పైగా తగ్గిపోయింది. మిగిలిన నీరు కట్ట మీదుగా దారి వెతుక్కుంటుంది. చేపలు జారిపోకుండా అలుగుకు అడ్డంగా కట్టే వలల వల్ల కూడా ఇదే జరుగుతుంది. వరదలో వచ్చే తుంగ, కంప, ప్లాస్టిక్ గంటలోపే ఆ వలను గోడగా మారుస్తాయి. మత్స్యకారుల జీవనం దాని మీదే ఆధారపడి ఉంది కనుక తీసేయమని ఆజ్ఞాపిస్తే సరిపోదు. వాన హెచ్చరిక వచ్చిన రోజు సంఘం పెద్దకు ముందుగా ఫోన్ చేసి, వల విప్పించి, వాన తగ్గాక మళ్లీ కట్టుకోమని చెప్పే మనిషి ఉండాలి.

అపోహ: చెరువుకు గేట్లు ఉండవు, అలుగు దానంతట అదే పారుతుంది, ఇక కట్ట మీద మనిషి ఎందుకు?

వాస్తవం: వనపర్తి దగ్గర సరళాసాగర్ ఉంది. నీరు నిర్ణీత మట్టానికి చేరగానే మనిషి చెయ్యి తగలకుండా సైఫన్లు వాటంతట అవే తెరుచుకునేలా కట్టిన ప్రాజెక్టు అది, 1959లో పూర్తయింది, ఇప్పటికీ ఇంజనీరింగ్ విద్యార్థులు చూడడానికి వెళతారు. ఆ ప్రాజెక్టు కట్టకు 2019 డిసెంబర్ 31న గండి పడింది. వానాకాలం ముగిసిపోయిన రోజులవి. నీటిని బయటికి పంపే ఏర్పాటు ఎంత గొప్పదైనా, మట్టికట్ట ఆరోగ్యం వేరే విషయమని ఇంతకంటే స్పష్టంగా ఏదీ చెప్పలేదు. మట్టికట్టలో ఎలుక బొరియ ఉంటుంది, చచ్చిన చెట్టు వేరు కుళ్లి వదిలిన దారి ఉంటుంది, తూము గోడకూ మట్టికీ మధ్య సందు ఉంటుంది. వీటిలో ఏదైనా బుంగగా, అంటే నీరు పొడుచుకు వచ్చే రంధ్రంగా మారడానికి వాన అవసరం లేదు, నిండిన చెరువు చాలు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ముసురు పట్టిన ఒక రాత్రి కట్ట దిగువన ఊట కనిపించిందని కబురు వస్తే వెళ్లాను. చెరువు నీటినీ కట్టనూ కనిపెట్టుకుని ఉండే ఆ ఊరి నీరటి తాత అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. తన స్టీలు గ్లాసును ఊట దగ్గర ముంచి, నా టార్చిలైటు ముందు పట్టుకుని కాసేపు కదలకుండా చూశాడు. గ్లాసు అడుగున ఏమీ చేరలేదు. "తేటగున్నయి సారూ. తేటగున్నంతసేపు భయం లేదు. ఎర్రగైనయంటే మాత్రం ఊరిని లేపాలె" అన్నాడు. తెల్లవారేదాకా అరగంటకోసారి గ్లాసు ముంచి చూస్తూనే ఉన్నాడు. ఊట నీటిలో మట్టి వస్తున్నదంటే కట్ట లోపల తెగుతున్నదని అర్థం. అప్పుడు ఆ రంధ్రాన్ని మట్టితో మూసేయాలని చూస్తే నీరు మరో చోట పొడుచుకు వస్తుంది. మొదట ఇసుక, దాని మీద కంకర పరిచి, మట్టిని ఆపి నీటిని మాత్రం పోనివ్వాలి, చుట్టూ బస్తాలతో వలయం కట్టాలి. ఇది పుస్తకంలో నేను చదువుకున్న సంగతే. కానీ ఆ ఊట ఆ చోట ప్రతి నిండు చెరువుకూ వస్తుందా, ఈ ఏడే కొత్తగా వచ్చిందా అన్నది తాతకు మాత్రమే తెలుసు, ఆ రాత్రి నిర్ణయం దాని మీదే ఆధారపడింది.

మాన్యం భూమితో, కళ్లం దగ్గర కొలిచి ఇచ్చే గింజలతో బతికిన నీరటి వ్యవస్థ చాలా ఊళ్లలో పలచబడిపోయింది. అది తిరిగి అలాగే రావాలని నేను కోరను, అందులో కులం కట్టుబాటు, వెట్టి కూడా ఉన్నాయి. ఆయన చేసిన పనికి జీతం, పేరు, రిజిస్టరు ఉన్న ఉద్యోగం కావాలని మాత్రం గట్టిగా కోరుతాను. అరవై చెరువులున్న సెక్షన్‌కు ఒక అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఉన్నాడనుకుందాం. ఒక్కో కట్ట నడిచి చూడడానికి గంట, తరువాతి ఊరికి చేరడానికి అరగంట వేసుకుంటే, అన్నీ ఒకసారి చూడడానికి తొంభై గంటలు పడుతుంది. వరద రాత్రికి ఉండేది పన్నెండు గంటలు. అంటే ఎనిమిది చెరువులు, అదీ రోడ్లు తెగకపోతే. మిగిలిన యాభై రెండు చెరువుల దగ్గర ఎవరున్నారన్నదే ప్రశ్న. 2021 నాటి డ్యాం సేఫ్టీ చట్టం వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీ తప్పనిసరి చేసింది గానీ, అది ప్రధానంగా పదిహేను మీటర్లకు మించిన ఆనకట్టల కోసం. మన ఊరి చెరువుల్లో అత్యధికం దాని పరిధిలోకి రావు. ఒక చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టులో పై చెరువు తెగితే కింది చెరువులకు వరస ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఎత్తు తక్కువైన కట్టకు కాపలా తక్కువ చాలు అనే లెక్క నా దృష్టిలో తప్పు.

అపోహ: జూన్ నుంచి అక్టోబరు దాకా తాత్కాలికంగా మనుషులను పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: రాత్రి కాపలాకు సరిపోతుంది, పూడిక పనికి సరిపోదు. పూడికను కొలవవలసింది చెరువు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో. వానాకాలంలో నీరు ఎక్కడ ఎగదన్నిందో చూసిన మనిషి ఆ వేసవిలో మాతో నడిచి చూపితేనే ఎస్టిమేట్ సరైన చోట పడుతుంది. అక్టోబరులో అతన్ని పంపించివేస్తే, అతను చూసినదంతా అతనితోనే పోతుంది, మేలో మేము మళ్లీ ట్రాక్టర్లు దిగే చోటునే ఎంచుకుంటాం. ఇంకో చిక్కు కాలానిది. మంజూరు జూన్‌లో వస్తే తడి నేలలో యంత్రాలు దిగబడతాయి, హడావిడిగా ఒడ్డున పోసిన మట్టి మొదటి వానకే తిరిగి చెరువులో చేరుతుంది.

అపోహ: పూడిక పెద్ద ప్రాజెక్టుల సమస్య, ఊరి చెరువుది కాదు.

వాస్తవం: నాగార్జునసాగర్ మొదటి నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 312. పోయిన 96 టీఎంసీలంటే, 4.46 టీఎంసీల మన మూసీ ప్రాజెక్టు లాంటివి ఇరవై ఒకటికి పైగా. జూరాల 11.94 నుంచి 9.66కు తగ్గింది. అక్కడ సర్వేలు జరుగుతాయి కాబట్టి మనకు ఈ అంకెలు తెలుసు. ఊరి చెరువులో పోయినదాన్ని కొలిచేవారు లేరు, అంతే తేడా.

నేను ఎస్టిమేట్ తప్పిన ఆ ఊరిలో, మరుసటి వేసవి అలుగు కాలువ నాలుగు వందల మీటర్లూ తవ్వించాం, సరిహద్దు రాళ్లు పాతించాం, కల్వర్టు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీయించాం. మట్టి ఆ గీతకు చేరితే కాలువ తీయవలసిన సమయం వచ్చినట్టు. ఆ గీతను ప్రతి నెలా చూసి నోటు పుస్తకంలో రాసే పని ఊరి యువకుడొకరికి అప్పగించాం. రెండేళ్లు రాశాడు, తరువాత జీతం నిలిచిపోయి హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోయిన మేలో నేను వెళ్లి చూసినప్పుడు మట్టి గీతకు నాలుగు వేళ్ల దిగువన ఉంది.