వియంటియాన్‌కి మకాం మారుస్తున్నారా? ముందు ఈ అపోహల సంగతి చూద్దాం

ఫోన్‌లో దాదాపు అందరూ అనే మాట ఒకటే: "చిన్న ఊరే కదండీ, వచ్చాక చూసుకుందాం." లావోస్ రాజధాని వియంటియాన్‌లో ఎనిమిదేళ్ళుగా నా పని ఇదే. ఉద్యోగం మీద వచ్చేవాళ్ళకి ఇల్లు వెతికిపెడతాను, వాళ్ళ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. ఊరు చిన్నదే, కాదనను. 2015 జనాభా లెక్కల్లో చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా 8 లక్షల 20 వేలే. విమానాశ్రయం నుంచి మెకాంగ్ నది ఒడ్డుకి రావడానికి పావుగంట చాలు. కానీ "వచ్చాక చూసుకుందాం" అన్నవాళ్ళతోనే నాకు చాకిరీ ఎక్కువ.

అపోహ: వీసా ఆన్ అరైవల్ మీద దిగిపోయి, తర్వాత వర్క్ వీసాగా మార్చుకోవచ్చు.

ఈ మాట చెప్పింది ఏజెంటైతే, అతనికి డబ్బు కట్టకండి. ఆ వీసా మీద ఇక్కడ ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగానికి వచ్చేవాళ్ళ వీసా మీద ఎల్ఏ-బీ2 అని ఉంటుంది. దానికి అనుమతి తెప్పించాల్సింది ఇక్కడి కంపెనీ, అదీ మీరు బయల్దేరకముందే. కంపెనీకి ముందు విదేశీయుల కోటా ఉండాలి. 2013 కార్మిక చట్టం ప్రకారం శారీరక శ్రమ పనుల్లో విదేశీయులు 15 శాతం, నిపుణుల పనుల్లో 25 శాతం మించకూడదు. వీసా వచ్చాక కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిట్ ఒకటి, పోలీసు వ్యవహారాల శాఖ ఇచ్చే స్టే పర్మిట్ ఇంకొకటి. మూడూ వేర్వేరు కాగితాలు, మూడింటి గడువులూ మీరే గుర్తుంచుకోవాలి.

గడువు దాటితే రోజుకి 10 డాలర్ల జరిమానా. మొదటి ఏడాది నేనూ కట్టాను. 30 రోజులంటే దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుందని నాకు తెలియదు. కౌంటర్‌లో ఆయన కోప్పడలేదు. క్యాలెండర్ నా వైపు తిప్పి, ఒక్కో తేదీ మీద పెన్ను మొన ఆనిస్తూ నుంగ్, సోంగ్, సామ్ అని ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి చూపించాడు. వెనక క్యూ మొత్తం ఓపిగ్గా వింది. లావో అంకెలు నాకు అక్కడే వచ్చాయి.

అపోహ: లావోస్‌లో "డిజిటల్ సేల్స్" ఉద్యోగాలకి గిరాకీ బాగా ఉంది.

దీని గురించి తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి ఇప్పటికీ మెసేజీలు వస్తూనే ఉన్నాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కస్టమర్ సపోర్ట్, డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ అని పేరు పెడతారు. ఇంటర్వ్యూ నామమాత్రం, ఒక టైపింగ్ పరీక్ష, అంతే. జీతం మాత్రం ఊరిస్తుంది. టికెట్టు, హోటల్, వీసా అన్నీ మేమే చూసుకుంటామంటారు. బ్యాంకాక్‌లో దింపి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి, ఉత్తరాన బొకేవ్ రాష్ట్రంలోని గోల్డెన్ ట్రయాంగిల్ ప్రత్యేక ఆర్థిక మండలికి తీసుకెళ్తారు. అక్కడ చేయించేది సైబర్ మోసం. పాస్‌పోర్టు లాక్కుంటారు, వద్దంటే నరకం చూపిస్తారు. ఇక్కడి భారత రాయబార కార్యాలయం దీని మీద ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. 2024 ఆగస్టులో ఒక్క విడతలోనే 47 మంది భారతీయుల్ని బయటికి తెచ్చింది.

మీకొచ్చిన ఆఫర్ లెటర్‌లో బొకేవ్ అనో, గోల్డెన్ ట్రయాంగిల్ అనో కనిపిస్తే ముందు రాయబార కార్యాలయానికి ఈమెయిల్ పెట్టండి. తర్వాతే సూట్‌కేసు సర్దుకోండి.

అపోహ: ఇంటి ఓనరు ఒప్పుకుంటే చాలు, ఇంట్లో దిగొచ్చు.

వియంటియాన్ చూడ్డానికి ఒకే ఊరు, కాగితం మీద మాత్రం బాన్‌ల కూటమి. బాన్ అంటే ఊరు. నగరం నడిబొడ్డున కూడా ప్రతి బాన్‌కీ ఒక నాయ్ బాన్ ఉంటాడు, మన పాతకాలపు మునసబు లాంటివాడనుకోండి. మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఆయన ముద్ర పడాలి. ఆ ముద్ర లేకపోతే స్టే పర్మిట్ దగ్గర పని ఆగుతుంది. ఆ ముద్ర వేయించడానికి ఓనరు నెలల తరబడి వాయిదా వేస్తుంటే, తన అద్దె లెక్కలు బయటపడతాయన్న భయమేమో చూసుకోండి. అద్దెలు డాలర్లలో చెప్తారు. మూడు నుంచి ఆరు నెలలది ఒకేసారి అడగడం ఇక్కడ మామూలే. తిరిగి వస్తుందనుకున్న అడ్వాన్సు రాక నా దగ్గర మొత్తుకున్నవాళ్ళున్నారు. చేరిన రోజే గోడ మీద చెమ్మ మరకల దగ్గర్నుంచి అన్నిటికీ ఫొటోలు తీసిపెట్టుకోండి.

అపోహ: అంతా చవక.

కూరలు, నూడుల్స్, జుట్టు కత్తిరించడం చవకే. పిల్లల ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు, ఏసీ బిల్లు, థాయ్‌లాండ్ నుంచి వచ్చే సరుకులు చవక కావు. ఇక్కడి డబ్బు కిప్. 2021లో డాలరుకి దాదాపు తొమ్మిది, పది వేల కిప్‌లు వచ్చేవి. 2023 చివరికి 20 వేలు దాటింది. జీతం కిప్‌లలో ఒప్పుకుంటే ఏం జరుగుతుందో మీరే లెక్క వేసుకోండి.

అపోహ: పెద్ద జబ్బు చేస్తే నది దాటి థాయ్‌లాండ్ వెళ్ళిపోవచ్చు.

సగం నిజం. జ్వరం, డెంగీ పరీక్ష ఇక్కడే అయిపోతాయి. ఎముక విరిగినా, గుండె పట్టేసినా చాలామంది నోంగ్ ఖాయ్‌కో, ఉదోన్ థానీకో వెళ్తారు. మధ్యలో ఉన్నది 1994లో కట్టిన స్నేహ వంతెన. అది పొద్దున 6కి తెరుచుకుని రాత్రి 10కి మూసుకుంటుంది. ఆ తర్వాత అంబులెన్స్ దాటాలంటే ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒప్పించుకోవాలి. బీమా తీసుకునేటప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "వియంటియాన్ నుంచి ఉదోన్ దాకా అంబులెన్స్ ఖర్చు మీదేనా?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. థాయ్‌లాండ్‌లోకి భారత పాస్‌పోర్టుతో వెళ్ళే నిబంధనలు మారుతుంటాయి, అవీ చూసి ఉంచుకోండి.

నా దగ్గరికొచ్చే దెబ్బల్లో ఎక్కువ స్కూటర్లవే. ఇక్కడ బండి కుడివైపు నడపాలి. మనవాళ్ళు మెయిన్ రోడ్డు మీద జాగ్రత్తగానే ఉంటారు. పొద్దున్నే ఖాళీ సందులోంచి మలుపు తిరిగేటప్పుడు చెయ్యి అలవాటుగా ఎడమకి లాగుతుంది. టూవీలర్ లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

అపోహ: భాష అస్సలు అంతుపట్టదు.

స్వరాలు కష్టమే. "మా" అనే ఒక్క మాటని మూడు రకాలుగా పలికితే రావడం, కుక్క, గుర్రం. మాటల మూలాల దగ్గర మాత్రం మనకి చుట్టరికం ఉంది. ఆదివారం వన్ ఆథిత్, సోమవారం వన్ చన్, శుక్రవారం వన్ సుక్. విశ్వవిద్యాలయాన్ని మహావిథయాలై అంటారు. ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త: "బో పెన్ న్యాంగ్". పరవాలేదు అని అర్థం. మీ పని అయిపోయిందని కాదు. ఆఫీసులో ఆ మాట వినపడగానే నేను మెల్లగా, నవ్వుతూ, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో తేదీ అడుగుతాను. గొంతు పెంచితే ఆ ఫైలు అడుక్కి పోతుంది.

అపోహ: శాకాహారులు పస్తులుండాల్సిందే.

హోటళ్ళలో ఇబ్బందే. బొప్పాయికాయ సలాడ్‌లో కూడా పాడేక్ అనే పులియబెట్టిన చేప రసం పోస్తారు, "వద్దు" అని ముందే చెప్పాలి. ఇంట్లో వండుకునేవాళ్ళకి బెంగ లేదు. సంతలో ఆకుకూరల అమ్మ దగ్గర ఎర్ర కాడలతో, వేళ్ళంత ఆకులతో ఒక కట్ట కనిపిస్తుంది. సోమ్ పో డీ అంటారు. ఆకు తుంచి నోట్లో వేసుకోండి. గోంగూరే.