చినుకు కొండను కొట్టే దెబ్బ

అరకు, పాడేరు కొండల్లో పోడు (అడవి నరికి కాల్చి చేసే సాగు) తగ్గించడానికి కాఫీ వేయించారు. చెట్ల కింద పంట కాబట్టి అడవి, జీవనం రెండూ నిలిచినట్టేనా అని చాలామంది అడుగుతారు. చెట్లుంటేనే సరిపోదు. చినుకు లెక్క చూడండి.

2 మిల్లీమీటర్ల చినుకు నేలను తాకేది సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో. అలాంటి చినుకులు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్టు ఆకుల మీద కలిసిపోయి 5 మిల్లీమీటర్ల బొట్టుగా జారతాయనుకుందాం. బరువు పదిహేను రెట్లు దాటుతుంది. పది మీటర్ల ఎత్తు నుంచి రాలితే వేగం ఎనిమిదిన్నరకు చేరుతుంది. దెబ్బంటే బరువును వేగంతో రెండుసార్లు గుణించిన లెక్క. అంటే బొట్టుకు బొట్టు చూస్తే దెబ్బ పాతిక రెట్లు! పైగా ఒకే ఆకు కొస నుంచి ఒకేచోట పడుతూ ఉంటుంది. కింద బోడినేల ఉంటే ఆరుబయలు కన్నా ఎక్కువ మట్టి చెదిరిపోవచ్చు. చెట్టుంటే మట్టి కదలదని పాఠాల్లో చెప్పేస్తాం, అది సగం నిజమే.

ఆ బొట్టును మధ్యలో పట్టుకునేది కాఫీ మొక్క. ఇక్కడ వేసే అరబికా రకం కాఫీని అయిదడుగుల దగ్గర తల తుంచి గుబురుగా ఉంచుతారు. దాని ఆకు నుంచి మీటరు ఎత్తులో మళ్లీ జారిన బొట్టు వేగం నాలుగు మీటర్ల పైచిలుకే, దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది. మిగిలింది ఆకుచెత్త మింగుతుంది. అందుకే వానలకు ముందు పారతో నేలంతా గీకి, చెత్త ఊడ్చి కాల్చడం పెద్ద తప్పు. కలుపును కొడవలితో కోసి అక్కడే పరవాలి. వరసలు వాలుకు అడ్డంగా నాటాలి.

నీడ మరీ పలచనైతే తెల్ల కాండం తొలుచు పురుగు వస్తుంది. దాని ఎదిగిన రూపమైన పెంకుపురుగు ఎండ తగిలే కాండం మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. కాండం మీది వదులు బెరడు గోనెపట్టాతో రుద్ది తీసి, 200 లీటర్ల నీళ్లకు 20 కిలోల సున్నం కలిపి పూయాలి. పురుగు పట్టిన మొక్కను పీకి కాల్చేయాలి. నీడ మరీ చిక్కబడితే పూత తగ్గుతుంది.

కాఫీ కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ ఖాళీలో వరసల మధ్య చోళ్లో (రాగులో) పసుపో లేకపోతే తిండికోసం కుటుంబం మళ్లీ పోడుకే వెళ్తుంది. తర్వాత సిల్వర్ ఓక్‌కు పాకించిన మిరియాల తీగ ఆదాయమిస్తుంది. తీగ కాస్తున్నంతకాలం ఆ చెట్టును ఎవరూ నరకరు. అయితే సిల్వర్ ఓక్ ఒక్కటే అయితే పైన ఒకే అంతస్తు. పనస, మామిడి, అడవి చెట్లు కలిస్తేనే ఎత్తులు మారతాయి.

జూన్‌లో గట్టి వాన పడ్డ మర్నాడు తోటలో వంగి చూడండి. గులకరాళ్లు చిన్న మట్టి దిమ్మెల మీద నిలబడి కనిపిస్తే, చుట్టూ మట్టిని చినుకు కొట్టేసిందని అర్థం. ఆకుచెత్త ముందు అక్కడ పరవాలి.