"ప్రింట్ ఎక్కడికి పోయింది?": ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ మీద అపోహలు, వాస్తవాలు

శని, ఆదివారాల్లో అందరి కంప్యూటర్లలో కొత్త వెర్షన్ వేసేస్తాం. సోమవారం పొద్దున్న మొదటి ఫోను రావడానికి పది నిమిషాలు కూడా పట్టదు. "ప్రింట్ ఎక్కడికి పోయిందండీ?" ఇక ఆ రోజంతా అదే ప్రశ్న, బటన్ పేరు మాత్రం మారుతుంటుంది. ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ (ఎక్కువగా వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీస్) మార్చడం, మార్చాక దాన్ని నేర్పించడం చాలా ఏళ్లుగా నా పని. ఈ గొడవ మీద మేనేజర్లకూ, మా ఐటీ వాళ్లకూ, ఇబ్బంది పడేవాళ్లకూ కూడా కొన్ని గట్టి నమ్మకాలు ఉన్నాయి. కొన్ని నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: కంప్యూటర్ సరిగా రానివాళ్లే గోల పెడతారు.

వాస్తవం: నేను చూసినంతలో అందరికంటే ఎక్కువ విసిగిపోయేది పాత వెర్షన్‌లో ఆరితేరినవాళ్లే. కొత్తగా చేరినవాళ్లకు పాతదీ కొత్తే, కొత్తదీ కొత్తే. పదేళ్లు ఒకే మెనూ వాడిన మనిషి బటన్ కోసం వెతకడు. కళ్లు బిల్లు మీద ఉంటాయి, చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కుతుంది. వేగంగా టైప్ చేసేవాళ్లను కీబోర్డు మీద అక్షరాల వరస చెప్పమంటే తడుముకుంటారు, వేళ్లకు మాత్రం తెలుసు. మెనూ మారిన రోజు ఆ వేళ్లకు దారి తప్పుతుంది.

ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ నెలాఖరు లెక్కలు మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించేవారు. అప్‌గ్రేడ్ అయిన నెలలో రాత్రి ఏడు దాటినా సీట్లోనే ఉన్నారు. "ఇన్నేళ్లు చేసిన పనే బాబూ, ఇవాళ ఏమీ రానిదాన్లా కూర్చున్నాను" అన్నారు. ఆవిడ ఫిర్యాదు నమోదైన టికెట్‌లో నేను "యూజర్‌కు శిక్షణ అవసరం" అని రాసి మూసేశాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అపోహ: పనీపాటా లేక, అందం కోసం మార్చారు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ముందు నిజం కాని సగం చెబుతాను. మైక్రోసాఫ్ట్ వర్డ్ మొదటి వెర్షన్‌లో కమాండ్లు సుమారు 100. 2003 వెర్షన్ నాటికి అవి 1500 దాటాయి. టూల్‌బార్లు 31, పక్కన తెరుచుకునే టాస్క్ పేన్‌లు 19. వీటన్నిటినీ పాత మెనూల్లో కుక్కడం ఇక కుదరలేదు. అంతకుముందు ఆఫీస్ 2000లో ఒక ఉపాయం చేశారు: తక్కువ వాడే ఐటెమ్‌లు మెనూలో కనబడకుండా దాక్కునేవి. నిన్న ఉన్నది ఇవాళ లేకపోవడంతో జనానికి మరింత చిరాకెత్తింది. ఆ తర్వాత 2007లో మెనూలు తీసేసి రిబ్బన్ పెట్టారు, అంటే ట్యాబ్‌ల కింద బటన్లు పరిచిన పైనున్న వెడల్పాటి పట్టీ.

"మనం వాడేది పదో పన్నెండో, మిగతావి తీసేస్తే పోలా?" అని చాలామంది అడుగుతారు. వర్డ్ 2003 వాడకాన్ని మైక్రోసాఫ్ట్ లెక్క తీస్తే పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ అనే 5 కమాండ్లే మొత్తం వాడకంలో దాదాపు 32 శాతం. అయితే ఆ తర్వాతి కమాండ్లలో ఎవరి జాబితా వారిదే. లాయరుకు ఫుట్‌నోట్ లేనిదే పని జరగదు, హెచ్‌ఆర్ వాళ్లకు ఒకే లెటర్‌ను అందరి పేర్లతో తయారుచేసే మెయిల్ మెర్జ్ కావాలి. ఒకరికి చెత్తలా కనిపించే బటన్ మీదే ఇంకొకరి జీతం నడుస్తుంటుంది.

ఇక నిజమైన సగం. 2007లో ఫైల్ మెనూ తీసేసి మూలన ఒక గుండ్రటి లోగో పెట్టారు. అది నొక్కాల్సిన బటన్ అని చాలామందికి తట్టనే లేదు. సోమవారం ప్రింట్ పోయింది అందులోకే. 2010లో ఫైల్ అనే పేరు తిరిగొచ్చింది. రిబ్బన్‌లో మనకు కావలసిన ట్యాబ్‌లు మనమే పెట్టుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. 2013లో ట్యాబ్‌ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లోకి మార్చారు, 2016లో మళ్లీ మామూలుగా చేశారు. దాన్ని అందం అనకపోతే ఏమనాలో నాకు తెలియదు. విండోస్ 8లో స్టార్ట్ బటన్ 2012లో పోయి, 2013లో 8.1తో తిరిగిరావడం కూడా ఈ కోవదే. జనం విసుక్కున్నది ఉత్త మొండితనంతోనే అయితే ఇవన్నీ వెనక్కి వచ్చేవి కావు.

అపోహ: పాత షార్ట్‌కట్లన్నీ పోయాయి.

వాస్తవం: కంట్రోల్‌తో మొదలయ్యేవి దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. విండోస్‌లో ఎక్సెల్ వాడేవాళ్లకు ఇంకో మంచి మాట. ఆల్ట్ నొక్కి, ఈ, ఎస్ వరసగా నొక్కితే పాత రోజుల్లో పేస్ట్ స్పెషల్ (కాపీ చేసినదాంట్లో విలువలో, ఫార్ములాలో ఏవి కావాలో ఎంచుకుని పేస్ట్ చేసే పెట్టె) తెరుచుకునేది. ఎడిట్ మెనూ మాయమై ఇన్నేళ్లయినా ఆ వరస ఇప్పటికీ పనిచేస్తుంది. అకౌంట్స్ ఆవిడకు ఆ రోజు కావలసింది సరిగ్గా ఇదే. నాకు అప్పటికి తెలియదు.

ఉత్త ఆల్ట్ నొక్కి వదిలితే రిబ్బన్ మీద అక్షరాలు కనిపిస్తాయి, వాటిని పట్టుకుని వెళ్లిపోవచ్చు. రోజూ వాడే బటన్ మీద రైట్ క్లిక్ చేసి క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో (మన బటన్లు మనమే పెట్టుకునే చిన్న పట్టీలో) చేర్చుకుంటే, ఆల్ట్‌తో 1, 2 లాంటి అంకె నొక్కినా అది వచ్చేస్తుంది. రిబ్బన్‌ను ఎంత కదిలించినా ఈ వరస మీదే.

"మెనూ మొత్తం ఎగిరిపోయింది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ట్యాబ్ పేరు మీద పొరపాటున డబుల్ క్లిక్ చేయడం. కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే తిరిగొస్తుంది.

అపోహ: ఏమీ తీసేయలేదు, చోటు మారిందంతే.

ఇది మా ఐటీ వాళ్ల అపోహ. కొన్ని నిజంగానే పోతాయి. మ్యాక్ కోసం వచ్చిన ఆఫీస్ 2008లో వీబీఏ మాక్రోలు (పదేపదే చేసే పనిని దానంతటదే చేయించే చిన్న ప్రోగ్రాములు) అసలే లేవు, 2011 వెర్షన్‌లో మళ్లీ పెట్టారు. విండోస్‌కు వచ్చిన కొత్త అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాములో, పాతదానికి అదనంగా తగిలించుకున్న కామ్ (COM) యాడిన్‌లు పనిచేయవు. ఎవరైనా "లేదు" అంటే "ఉంది, మీరే చూడలేదు" అనే ముందు మనం ఒకసారి చూసి రావాలి.

అపోహ: కొత్త ఫార్మాట్‌తో తలనొప్పి ఎందుకు, పాతదాంట్లోనే సేవ్ చేస్తే సేఫ్.

వాస్తవం: ఎక్సెల్ 2003 వరకు ఒక షీటులో 65,536 వరసలే పట్టేవి. 2007 నుంచి 10,48,576. అయితే ఫైలును పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో పెడితే ఎంత కొత్త వెర్షన్ ఉన్నా పాత హద్దే వర్తిస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. కోవిడ్ ఫలితాలను పాత ఫార్మాట్‌లోకి ఎక్కించడంతో హద్దు దాటిన వరసలు రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్లను కలిసినవారిని గుర్తించే పని కూడా అంతమేర ఆలస్యమైంది. ఎదుటివాళ్ల దగ్గర నిజంగా పాత వెర్షన్ ఉంటే తప్ప ఆ ఫార్మాట్ జోలికి పోవద్దు.

అపోహ: కొత్త వర్డ్ లెటర్ ఆకారం చెడగొడుతుంది.

వాస్తవం: డిఫాల్ట్‌లు, అంటే మనం ఏమీ మార్చకపోతే దానంతటదే వచ్చే ఫాంటు, ఖాళీలు మారాయి, అంతే. 2007లో టైమ్స్ న్యూ రోమన్ స్థానంలో క్యాలిబ్రి వచ్చింది, లైన్ల మధ్య, పేరాల మధ్య ఖాళీ పెరిగింది. అందుకే ఒక పేజీ లెటర్ రెండో పేజీలోకి జారుతుంది. ఈమధ్య క్యాలిబ్రి కూడా పోయి ఆప్టోస్ వచ్చింది. ఫాంట్ డైలాగ్‌లో మీకు నచ్చినది ఎంచుకుని "సెట్ యాజ్ డిఫాల్ట్" నొక్కండి. పేరాగ్రాఫ్ డైలాగ్‌లోనూ అదే చేయండి. రెండు నిమిషాల పని.

అపోహ: రెండు వారాల్లో అదే అలవాటైపోతుంది.

వాస్తవం: రోజూ చేసే పనులు అలవాటవుతాయి. రోజూ చేస్తాం కాబట్టి. మూడు నెలలకోసారి, ఏడాదికోసారి చేసే పనుల సంగతే వేరు. మార్చిలో అప్‌గ్రేడ్ చేస్తే డిసెంబరులో ఒకరు ఫోన్ చేసి, కవర్ల మీద అడ్రస్‌లు ఎలా ప్రింట్ చేయాలని అడుగుతారు. అప్పటికి మేము ప్రాజెక్టు ముగిసిందని రిపోర్టు కూడా ఇచ్చేసి ఉంటాం. ఫోన్లు తగ్గాయంటే అందరికీ వచ్చేసిందని కూడా అనుకోకూడదు. చాలామంది అడగడం మానేసి, చుట్టుదారిలో పని కానిచ్చేస్తుంటారు. చేత్తో ఒక్కో వరస కాపీ చేస్తూ కూర్చున్నవాళ్లను నేను చూశాను.

అపోహ: ఒక ట్రైనింగ్ క్లాసు పెడితే సరిపోతుంది.

వాస్తవం: అప్‌గ్రేడ్‌కు రెండు వారాల ముందు, ముప్పై మందిని కూర్చోబెట్టి స్లయిడ్లు చూపించిన క్లాసులు నేనూ చాలా తీసుకున్నాను. సోమవారానికి ఎవరికీ ఏమీ గుర్తుండదు. తప్పు వాళ్లది కాదు, చేతిలో పని లేకుండా విన్నది నిలవదు.

ఇప్పుడు వేరేలా చేస్తున్నాను. నెలాఖరులో అప్‌గ్రేడ్‌కు ఒప్పుకోను, దీని మీద మేనేజర్లతో గొడవ పడ్డా సరే. వారం ముందు ఒక్కొక్కరి పక్కన పావుగంట కూర్చుని, రోజూ చేసే పనులేమిటో చూస్తాను. "పాతదాంట్లో ఇక్కడ, కొత్తదాంట్లో ఇక్కడ" అని వాళ్లవి మాత్రమే ఒక కాగితం మీద రాసిస్తాను. ఆఫీస్ 2016 నుంచి వచ్చిన వెతికే పెట్టె సంగతి కూడా అదే కాగితం మీద రాస్తాను: ఆల్ట్, క్యూ నొక్కి కావలసిన పని పేరు టైప్ చేస్తే ఆ కమాండే ఎదురుగా వస్తుంది, అది ఏ ట్యాబ్‌లో దాక్కుందో తెలియకపోయినా.

అకౌంట్స్ ఆవిడకు ఈ కాగితం తర్వాతి నెల ఇచ్చాను. ఆరు వరసలు. మానిటర్ కింద అంటించుకున్నారు. కొన్నాళ్ల తర్వాత అటు వెళితే కింద ఆవిడ చేతిరాతతో మరో నాలుగు చేరి ఉన్నాయి. వాటిలో రెండు నాకూ తెలియనివి.